కోటులో పట్టేది

త్రియెస్తె వెళ్ళే బస్సులో ఆ ఫిబ్రవరి శనివారం
మా ముగ్గురికీ మూడు కంప్యూటర్లు కావాలి.
డబ్బు ఒక్కదానికే ఉంది,
అదీ అమ్మ మేజోడులో, మడతపెట్టి, వెచ్చగా.

అన్న మీత్యకి స్పెక్ట్రమ్.
రబ్బరు మీటలు, నొక్కితే
నమిలి పారేసిన బబుల్‌గమ్‌లా లోపలికి పోతాయి.
"మా వీధిలో అందరిదీ అదే" అన్నాడు.
పద్నాలుగేళ్ళవాడికి అంతకు మించిన తర్కం దేనికి?
మంగళవారం రాత్రి రేడియోవాళ్ళు
పాటలాపి ప్రోగ్రాములు వదులుతారు గాలిలోకి,
తోక తొక్కిన పిల్లిలా కీచుమంటూ.
క్యాసెట్లో పట్టుకుంటే తెల్లారేసరికి ఆట.
ఆ కీచుభాష స్పెక్ట్రమ్‌కే తెలుసు.

నాకు కమొడోర్.
కొట్టు అద్దం వెనక అది పాడుతోంది.
మూడు గొంతులు: ఒకటి నేలమాళిగలో,
ఒకటి కిటికీ దగ్గర,
ఇంకొకటి ఎక్కడుందో అంతు చిక్కదు.
ముక్కు అద్దానికి ఆనించి విన్నాను,
నా ఊపిరే మబ్బు కట్టి దాన్ని మూసేసేదాకా.

నాన్న లుద్విక్ రెండింటికీ తల అడ్డంగా ఊపాడు.
లిఫ్టులు బాగుచేసే మనిషి,
తను మూత విప్పి చూడని యంత్రం
ఎవర్నీ పైకి తీసుకెళ్తుందంటే నమ్మడు.
జేబులోంచి పత్రిక కాగితం తీశాడు,
మడతల దగ్గర చిరుగుతోంది: సర్క్యూట్ బొమ్మ.
"చిప్పులు కొనుక్కుపోదాం. మనమే అతుకుదాం."

అమ్మ జ్డెంకా ఏమీ అనలేదు.
కోటు బొత్తాలు విప్పి
ఒక్కోదాన్నీ పొట్టకి ఆనించి చూసుకుంది,
కొట్టువాడు నోరు తెరుచుకుని చూస్తుండగా.
కమొడోర్ పెట్టుకుంటే, మేకను మింగిన కొండచిలువ.
చిప్పులు గలగలలాడాయి.
స్పెక్ట్రమ్ ఉన్నట్టే లేదు.
"ఇదీ" అంది.

మెమరీ ఎంత, రంగులెన్ని, ధర ఎంతని
నెలరోజులు గీసి, కొట్టేసి, మళ్ళీ గీసిన మా పట్టిక
కోటు లోపలి కొలతతో తేలిపోయింది.

అట్టపెట్టెను అక్కడే చెత్తబుట్టలో వదిలేశాం.
మీత్య దానికోసం ఏడ్చాడు.
అడాప్టరు కాఫీ గింజల సంచిలో మునిగింది.
స్టేషను వెనక సందులో నాన్న
ఉన్ని మఫ్లరుతో అమ్మ నడుముకి రెండు చుట్లు చుట్టి
లిఫ్టు తాడు బిగించినట్టు బిగించాడు.

సరిహద్దు. బస్సు ఆగింది.
కస్టమ్స్ మనిషి మీసాల మీద మంచు.
అమ్మ ముందు నిలబడి, "ఎన్నో నెల?"
మేం ముగ్గురం కిటికీలోంచి బయటికి చూశాం,
అక్కడ చూడ్డానికేం లేదు.
"అయిదు."
"ఇంత చదునుగానా?"
"మా ఇంట్లో అందరూ ఇంతే."
అతను నవ్వాడో లేదో మీసాల వల్ల తెలీలేదు.
ఒళ్ళో బరువు పెట్టుకోకూడదమ్మా అని
కాఫీ సంచి తనే ఎత్తి పై అరలో పెట్టాడు.
ఎత్తేటప్పుడు అతని భుజం ఒక్క క్షణం కిందికి జారింది.
ఏమీ అనలేదు.

ఇంటికొచ్చాక వంటింట్లో విప్పితే
అమ్మ పొట్ట మీద నలభై చిన్న గళ్ళు, ఎర్రగా.
మీత్య యంత్రాన్ని చూశాడు.
నేను గళ్ళు లెక్కపెట్టాను.

నాన్న రెండేళ్ళకి తనది తాను అతికాడు.
అది ఒక సాయంత్రం వెలిగింది.
ఆ సాయంత్రం గురించి పోయేదాకా చెప్పాడు.

ఇప్పుడు నాకో రిపేరు కొట్టుంది.
"ఏది కొనమంటావు?" అని అడుగుతారు,
ప్రాసెసర్లు, డిస్కులు, ఉచితమా, డబ్బిచ్చా అని.
మీ వీధిలో ఎవరిదగ్గర ఏముందని అడుగుతాను.
కొందరు లేచి వెళ్ళిపోతారు.

మొన్న ఎవరో పాత కమొడోర్ తెచ్చిచ్చారు.
కెపాసిటర్లు మార్చి ప్లగ్గు పెట్టాను.
పాడింది. మూడో గొంతు ఎక్కడుందో
ఇప్పటికీ దొరకలేదు.
చూడ్డానికొచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగి
దాన్ని ఈ చివర్నుంచి ఆ చివరికి కొలిచింది కళ్ళతో.
చెయ్యి దానంతటదే
కోటు బొత్తం మీదికి పోయింది.